గురువు పేరు గడి గురించి హస్తకళల మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను ఉప్పల్‌లో ఉంటాను. పగలు ట్రాలీ ఆటో నడుపుతాను, రాత్రి కర్ర చెక్కుతాను. మీకు ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ మీ దాకా వచ్చాయో, మధ్యలో ఎవరైనా ఊగే టేబుల్ కాలి కింద మడిచి పెట్టారో తెలియదు, అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నా.

విషయం చేతిపని కళాకారులకు సర్కారు ఇచ్చే గుర్తింపు కార్డే. దరఖాస్తులో "ఎవరి దగ్గర నేర్చుకున్నారు" అని ఒక గడి ఉంది కదా సార్, 16 నెలలుగా నేను ఆ గడి దగ్గరే ఆగిపోయాను. మొదటిసారి ఖాళీగా వదిలేస్తే ఫారం వెనక్కి వచ్చింది. రెండోసారి "సొంతంగా" అని రాస్తే చెల్లదన్నారు. మూడోసారి ఒళ్ళు మండి "గొర్రెల మంద" అని రాశాను. కౌంటర్‌లో ఆయనకు కోపం వచ్చింది గానీ, అందులో అబద్ధం ఏముంది? మేం సిద్దిపేట వైపు గొల్లవాళ్ళం. గొర్రెలు మేపుతూ వేపపుల్లల మీద చాకుతో చెక్కడమే నా బడి. మందెచ్చుల వాళ్ళు ఊరికి వస్తే రంగుల బొమ్మలు వరసగా నిలబెట్టి మా గొల్లల వీరుడు కాటమరాజు కథ చెప్పేవాళ్ళు. అందరూ కథ వింటుంటే నేను ఆ బొమ్మల మోచేతులు ఎక్కడ ఎలా వంగాయో చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు మీరే చెప్పండి, ఆ గడిలో ఎవరి పేరు రాయాలి?

చేర్యాలలో గుడ్డ మీద కథల బొమ్మలు వేసే నకాషీల పనికి, నిర్మల్ కొయ్యబొమ్మలకు జీఐ గుర్తింపు, అంటే ఈ కళ ఈ ఊరిదే అనే సర్కారు ముద్ర, వచ్చింది. రావాల్సిందే. తరాలుగా చింతగింజల జిగురు నూరుకుంటూ బతికిన వాళ్ళు, వాళ్ళ వాటా నాకు ఇమ్మని అడగడం లేదు. కానీ తాత చేస్తేనే మనవడిది కళ అయితే, అందరికంటే ముందు ఉలి పట్టిన ఆ తాతను మీ వాళ్ళు ఏ సర్టిఫికెట్ అడిగేవారో!

ఒక మంచి మనిషి నన్ను పక్కకు పిలిచి, "ఏదో ఒక పాత కుటుంబం దగ్గర నేర్చుకున్నట్టు లెటర్ రాయించుకురా, వారంలో అయిపోతుంది" అన్నాడు. అంటే నిజం రాస్తే 16 నెలలు, అబద్ధానికి వారం. మా వీధిలో ఇడ్లీ బండి పెట్టుకున్న అక్క ఒకామె ఉంది, అట్టపెట్టెల మీద నాట్లేసే ఆడవాళ్ళను, బతుకమ్మలను వేస్తుంది, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఆమెనైతే ముందు భర్త ఏం పని చేస్తాడని అడిగారట.

కార్డు లేకపోతే మేళాలో స్టాల్ రాదు. స్టాల్ లేక నేను 400 రూపాయలకు అమ్ముకున్న చెక్క ఎడ్లబండి బొమ్మకు ఒక షాపాయన 2,200 చీటీ కట్టి, కింద "ట్రైబల్ ఆర్ట్" అని రాసి పెట్టాడు. రాత్రికి రాత్రి నా కులం కూడా మార్చేశాడు పాపం.

చండీగఢ్‌లో నేక్‌చంద్ అని ఒక రోడ్ల ఇన్‌స్పెక్టర్ ఉండేవాడు. పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు ఏరుకొచ్చి, సర్కారు జాగాలోనే ఎవరికీ తెలియకుండా ఏళ్ళ తరబడి బొమ్మలు చేశాడు. తెలిశాక కూల్చేయకుండా 1976లో జనానికి తెరిచారు, 1984లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. నాకు జాగా వద్దు, పద్మశ్రీ అసలే వద్దు. ఒక గడి తీసేయండి చాలు.

అది కుదరదంటే ఒక పూట టైమివ్వండి. ఉలి, సుత్తి, టింబర్ డిపోలో ఏరుకున్న టేకు ముక్క నేనే తెచ్చుకుంటా, మీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని గొర్రెపిల్లను చెక్కుతా. పని వచ్చో రాదో మీ వాళ్ళే చూసి రాయండి. అక్కను కూడా అట్టముక్కతో తీసుకొస్తా. చెక్కపొట్టు నేనే ఊడ్చి పోతా సార్. జవాబు మాత్రం ఇవ్వండి, "పరిశీలనలో ఉంది" అనేది కాకుండా ఇంకేదైనా.

ఇట్లు,
ఉప్పల్ ట్రాలీ ఆటో డ్రైవర్