నాన్నకి, విల్లు సంగతి

పోర్ట్స్‌మత్,
ఆగస్టు, ఆదివారం

నాన్నకి, అమ్మకి,

ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని వార్తల్లో చూశాను. అంటే 13 లక్షల క్యూసెక్కులు వదిలేసినట్టే. పెద్దమ్మ వాళ్ళ లంకలోకి నీళ్ళు వచ్చే ఉంటాయి. గేదెల్ని గట్టు మీదకి తోలారా? ఫోన్లో అడిగితే "అంతా బానే ఉంది" అని పెట్టేస్తారు. అందుకే రాసి, ఫోటో తీసి అక్కకి పంపుతున్నా. అక్కా, నువ్వే చదివి వినిపించు.

నా డ్యూటీలు మామూలే. ఈ నెలంతా నైట్లు.

విల్లు చేయిస్తున్నానని తెలిసి అమ్మ అలిగిందట. నేను వెళ్ళే విలువిద్య క్లబ్బులో ఇచ్చే విల్లులు నాకు మరీ బిగువు. అందుకే ఊరి చివర విల్లులు చేసే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. నా ఎత్తు, చెయ్యి చాపించి దాని నిడివి కొలిచాడు. 30 పౌన్ల బిగువు చాలన్నాడు, అంటే పదమూడున్నర కిలోల పైచిలుకు. 40 చెయ్యమన్నాను. రాసుకున్నది మాత్రం 30యే.

కర్ర పేరు యూ. ఇక్కడ చర్చిల ఆవరణల్లో పెద్ద పెద్ద చెట్లుంటాయి. కొట్టి, చీల్చి, ఏళ్ళ తరబడి నీడలో ఆరబెట్టాలట. నాన్నా, నీకు నచ్చే సంగతి చెబుతా. నువ్వు తెల్లచెక్క చెక్కి పారేసి చేవ ఒక్కటే వాడతావు కదా, ఇక్కడ ఒకే బద్దలో రెండూ ఉంచుతారు. లాగినప్పుడు విల్లు వీపు, అంటే బయటివైపు, సాగాలి, తెల్లచెక్క ఆ సాగుడికి ఆగుతుంది. లోపలివైపు ఎర్రటి చేవ నొక్కుడు ఓర్చుకుంటుంది. వీపు మీద ఒకే వలయం కొస నుంచి కొస దాకా తెగకుండా రావాలి. నా బద్దలో పిడికి పైన ఒక ముడి ఉంది. దాన్ని చదును చెయ్యలేదు, చుట్టూ కాస్త కర్ర ఎక్కువే వదిలాడు. వేలు పెడితే తగులుతుంది.

తర్వాత గోడకి బిగించిన కొయ్య మీద విల్లు పెట్టి, కప్పీ మీదుగా తాడు లాగుతాడు. దూరంగా నుంచుని చూస్తాడు. ఎక్కడ బిర్రుగా ఉంటే అక్కడ పెన్సిలు గీత. దించి, లోపలివైపు ఇనపరేకుతో నాలుగు గీకులు. మళ్ళీ ఎక్కించడం. ఎక్కువ గీకితే బిగువు పోయినట్టే, తిరిగి అతికించేది లేదు. జగ్గన్నతోట ప్రభకి వెదురు బద్దలు వంచి, రెండు పక్కలా ఒంపు కలిసిందా అని ఒక కన్ను మూసి చూసేవాడివి నాన్నా, అచ్చం ఆ చూపే.

అమ్మా, కర్రముక్కకి నాలుగు వందల పౌన్లా అనకు. అక్క పాప బారసాలకి పంపేది వేరే ఉంచాను. దీనికి లైసెన్సు అక్కర్లేదు, పోలీసులు రారు. బాణాలు వేసేది క్లబ్బు మైదానంలో గడ్డి దిమ్మల మీదకే. (ఆ చెట్టు ఆకులు విషం, పొడీ మంచిది కాదు, మాస్కులు పెట్టుకుంటాం. ఇది అమ్మకి చదవకక్కా.) ఆడపిల్లకి విల్లేంటన్న మామయ్యకి చెప్పండి, విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి మూడు బంగారు పతకాలు తెచ్చింది విల్లుతోనే అని. ఆమెది కప్పీలున్న కాంపౌండ్ విల్లు, నాది వట్టి కర్ర. అంత వివరం మామయ్యకి అనవసరం.

నైట్ దిగొచ్చాక పగలు నిద్ర పట్టదు నాన్నా. గదిలో ఉంటే ఏవేవో ఆలోచనలు. ఆ షెడ్డులో స్టూలు మీద కూర్చుంటే ఆయన మాట్లాడడు, నేనూ మాట్లాడను. చెక్కపొట్టు వాసన వస్తుంటుంది. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పడుతుంది.

ఈ ఊళ్ళోనే మ్యూజియంలో మేరీ రోజ్ అనే యుద్ధనౌక ఉంది. 1545లో మునిగింది, 1982లో పైకి తీశారు. అందులో 170కి పైగా యూ విల్లులు దొరికాయి. మీరొచ్చినప్పుడు చూపిస్తా. పాస్‌పోర్టు పని మొదలుపెట్టారా అసలు?

వచ్చే నెలలో కొసలకి కొమ్ముముక్కలు తొడిగి, నారికి తేనెమైనం పట్టించి ఇస్తానన్నాడు. నీ చిత్రిక ఫోటో ఒకటి పంపు నాన్నా, బ్లేడు కనపడేలా. ఆయన అడిగాడు. మోకాలి మాత్రలు పరగడుపున వేసుకోకు, తిన్నాకే. అమ్మా, సంబంధం సంగతి ఫోన్లో మాట్లాడదాం, ఆ అబ్బాయి ఫోటో మాత్రం ఇంకెవరికీ పంపకు.

మీ
చిన్నమ్మాయి