నడుముకిచ్చే సూది సంగతి

బంగారుతల్లీ,

నిన్న ఫోన్లో మీ అత్తగారు పక్కనే ఉన్నారని గట్టిగా చెప్పలేకపోయాను. కాన్పు నొప్పి తెలియకుండా నడుముకి సూది వేయించుకుంటే జీవితాంతం నడుంనొప్పే అన్నారుగా, ఆ మాట మన బ్రాడీపేటలోనూ ఇంటింటా వినేదే. మేడమీద అద్దెకున్న మత్తు డాక్టరమ్మని పట్టుకుని అడిగాను. సూది వేయించుకోనివాళ్లకీ కాన్పయ్యాక అంతే నొప్పులుంటాయట. నొప్పి పడకుండా కనడమేమిటి అనీ అన్నారు కదా మీ అత్తగారు! విక్టోరియా రాణి 1853లోనే ఎనిమిదో కాన్పుకి క్లోరోఫామ్ అనే మత్తుమందు పీల్చిందని చెప్పు.

తమ్ముడి సిజేరియన్‌కి నడుముకి సూది వేశాక నాకొచ్చింది తలనొప్పి. పడుకుంటే ఏమీ లేదు, లేచి కూర్చుంటే తల పగిలిపోయేది. నాలుగు రోజులు పడుకునే వాడికి పాలిచ్చాను. సూది చిల్లులోంచి వెన్నులో నీరు కారితే అలా అవుతుందట. ఇప్పుడు పెన్సిల్ మొనలాంటి సన్న సూదులొచ్చి అది బాగా తగ్గింది.

నువ్వడిగిన ఎపిడ్యూరల్ వేరు. నడుములో సన్నటి గొట్టం ఉంచి కొంచెం కొంచెంగా మందిస్తారు. నొప్పి తగ్గుతుంది, ముక్కడానికి ఓపిక మిగులుతుంది. కాన్పు కాస్త ఆలస్యం కావచ్చు గానీ, దానివల్ల ఆపరేషన్లు పెరగవట. బీపీ పడిపోవచ్చు కనుక మాటిమాటికీ చూస్తుండాలి. అర్ధరాత్రి ఆపరేషన్ అవసరమైనా చాలాసార్లు ఆ గొట్టంలోంచే మందు పెంచి కానిచ్చేస్తారు.

నా భయమల్లా ఒకటే. చిన్న నర్సింగ్ హోముల్లో మత్తు డాక్టరు ఆపరేషన్ టైముకి బండి మీద వచ్చి, అయిపోగానే ఇంకో చోటికి వెళ్తారు. ఎపిడ్యూరల్ పెట్టాక మాత్రం రాత్రంతా అందుబాటులో ఉండాలి. లేకపోతే వద్దులే.

తమ్ముడికి మూడేళ్లప్పుడు హెర్నియా ఆపరేషన్ గుర్తుందా? మత్తు డాక్టరు 'ఏమైనా తిన్నాడా' అంటే వాడి మూతికి బిస్కెట్ పొడి! నేను నానమ్మ వైపు చూశాను, ఆవిడ గోడ వైపు చూసింది. ఆ రోజు ఆపరేషన్ లేదు. నాకు కోపమొచ్చింది గానీ, మత్తులో ఉండగా తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. అన్నం, పోతపాలు ఆరు గంటల ముందే ఆపాలి, తల్లిపాలు నాలుగు గంటల ముందు. నొప్పులు మొదలయ్యాక నువ్వు తిన్నదీ దాచకు.

శనివారం కొత్తపేటలో ఆసుపత్రికి వెళ్లి రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటారో లేదో కనుక్కుంటాను. నువ్వు రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్ల రిపోర్టు మర్చిపోకుండా తెచ్చుకో, అవి తక్కువుంటే ఆ సూది వేయరట. ఇది చదివి నాన్నగారు "నువ్వెప్పుడు డాక్టరువయ్యావు?" అంటున్నారు.

మీ అమ్మ