ఇంపెల్లర్ మార్చమని ఇస్తే గేరు చెడింది: సర్వీసు సెంటరుకు ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,
అవుట్‌బోర్డ్ మోటార్ల విభాగం, చెన్నై.

విషయం: పాత 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారులో ఫార్వర్డ్ గేరు నిలవకపోవడం, మీరిచ్చిన ఎస్టిమేటుపై అభ్యంతరం.

అయ్యా,

కాసిమేడు రేవులో నడిచే మా ఫైబర్ పడవ మోటారును మీ సెంటరుకు పంపింది వాటర్ పంపు ఇంపెల్లర్ (ఇంజన్ చల్లబడేందుకు నీళ్లు తోసే రబ్బరు రెక్కల చక్రం) మార్చడానికి మాత్రమే. ఆ పని అయింది, నీళ్లు ధారగా వస్తున్నాయి, దాని మీద పేచీ లేదు. కానీ వచ్చినప్పుడు లేని జబ్బుతో మోటారు బయటికి వెళ్లింది. ఫార్వర్డ్‌లో వేసి త్రాటిల్ సగం దాటించగానే కటకటమని చప్పుడు చేసి గేరు న్యూట్రల్‌కు జారిపోతోంది. తిరిగి తెస్తే మీ వాళ్లు ఒక్క నట్టు కూడా విప్పి చూడకుండా "పాత మోటారు కదండీ, గేర్లు అరిగిపోయాయి" అని గేర్ సెట్టు, బేరింగులు, సీళ్లు అన్నీ కలిపి ఎస్టిమేటు చేతిలో పెట్టారు. అది ఒప్పుకోవడానికి మేం సిద్ధంగా లేం.

ఈ మోడల్‌లో ఇంపెల్లర్ మార్చాలంటే లోయర్ యూనిట్, అంటే గేర్లు, ప్రొపెల్లర్ ఉండే కింది భాగం, దించాలి. దించాలంటే గేరు లివర్ నుంచి వచ్చే పై షిఫ్ట్ రాడ్‌ను కింది రాడ్ నుంచి విడదీయాలి. రెండింటినీ కలిపేది మరలున్న చిన్న కనెక్టర్, అది కదలకుండా ఒక లాక్ నట్. తిరిగి ఎక్కించేటప్పుడు పైన లివరూ, కింద గేరూ రెండూ న్యూట్రల్‌లో ఉండాలి. ఆ తర్వాత కనెక్టర్‌ను ఎన్ని చుట్లు తిప్పారన్నదే అసలు సంగతి. కొన్ని చుట్లు తేడా వస్తే చాలు, రాడ్ పొడవు మారిపోతుంది. లివర్ తన గాడిలో ఠక్కున పడుతుంది, చేతికి అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల డాగ్ క్లచ్ (ఫార్వర్డ్ గేరునో రివర్స్ గేరునో ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు పట్టించే ముక్కుల బిళ్ల) మాత్రం ఒక పక్క పూర్తిగా దిగదు.

మా మోటారులో తేడా వచ్చింది అక్కడే. ఇంజన్ ఆపి, కిల్ స్విచ్ తాడు లాగి, ప్లగ్గు వైర్లు ఊడదీసి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి చూశాం. రివర్స్‌లో లివర్ గాడికి చేరకముందే గేరు పట్టేస్తోంది. ఫార్వర్డ్‌లో లివర్ చివరిదాకా వెళ్లినా, ప్రొపెల్లర్‌ను మామూలుగా తిరిగే దిక్కుకు ఎదురు తిప్పితే ఇంజన్‌ను పట్టుకుని ఆగాల్సింది పోయి టిక్కుమని జారుతోంది. నీళ్ల తొట్టిలో పెట్టి ఐడిల్ మీద నడిపితే న్యూట్రల్‌లోనే రివర్స్ వైపు తిరుగుతోంది. నూనె జిగటకు కాస్త తిరగడం వేరు, ఇది లోపల టకటక తగులుతూ తిరుగుతోంది.

ఈ మూడూ కలిపి చూడండి. కేవలం అరుగుదలే కారణమైతే ఫార్వర్డ్ జారేది గాని న్యూట్రల్ నడిమధ్యలోనే ఉండేది, రివర్స్ ముందుగా పట్టేది కాదు. డాగ్ క్లచ్ మొత్తంగా రివర్స్ గేరు వైపు జరిగి కూర్చుందంటే రాడ్ పొడవు తప్పిందనే అర్థం. కౌలింగ్ (ఇంజన్ మూత) తీసి చూస్తే లాక్ నట్ వేలితో తిరిగేంత వదులుగా ఉంది. చుట్టుపక్కల బోల్టులన్నీ ఉప్పుపట్టి తెల్లబారి ఉంటే కనెక్టర్ మర ఒక్కటే కొత్తగా తళతళలాడుతోంది. ఫొటోలు జతచేశాం.

ప్రొపెల్లర్ బుష్ (లోపలి హబ్బుకూ బయటి భాగానికీ మధ్యనుండే రబ్బరు) జారుతోందేమో అన్న అనుమానం కూడా తీర్చుకున్నాం. లోపలి హబ్బు మీదుగా బయటి భాగం దాకా పెయింటుతో ఒక గీత గీసి లోడు మీద నడిపాం. గీత విరగలేదు. పైగా బుష్ జారితే ఇంజన్ ఊరికే రేసు అవుతుంది గాని కటకట చప్పుడు రాదు.

గేర్ ఆయిల్ కూడా దించి చూశాం. పాలలా తెల్లబడలేదు, అంటే సీళ్లు నీళ్లు పీల్చడం లేదు. డ్రెయిన్ స్క్రూ అయస్కాంతానికి కాటుకలాంటి మెత్తటి పొడి అంటుకుంది, అది మామూలే. దానితో పాటు గోరు చివరంత రెండు పెచ్చులు దొరికాయి. అవి గేరు పళ్లవి కావు, ఒక అంచు గుండ్రంగా, మరో అంచు పదునుగా ఉన్నాయి. డాగ్ (క్లచ్ ముక్కుల) మూలలు విరిగితే ఇలాంటివే వస్తాయి. సగం దిగిన డాగ్ మీద పూర్తి లోడు పడితే మూలలే భారమంతా మోస్తాయి, గుండ్రబడతాయి, ఆపై ఎంత బలమైన స్ప్రింగైనా వాటిని నిలపలేదు. అంటే ఇప్పుడున్న అరుగుదల వయసు వల్ల వచ్చింది కాదు, మీ సర్వీసు తర్వాత సగం దిగిన గేరుతో నడవడం వల్ల వచ్చింది.

మీ మెకానిక్ అన్న మరో మాట: "మీరు గేరు నెమ్మదిగా వేసి పాడుచేశారు." నెమ్మదిగా వేస్తే మూలలు అరుగుతాయన్నది నిజమే. ఐడిల్ ఎక్కువున్నా అంతే. టాకోమీటర్ పెట్టి చూస్తే మా ఐడిల్ నిమిషానికి 1000 చుట్లు దాటలేదు, లివర్ ఒక్క ఊపులోనే వేస్తాం. ఈ పడవ నడిపేవాళ్లకు అది కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇంకొకటి, చిన్నదే గాని చెప్పాలి. డ్రైవ్ షాఫ్ట్ పై కొస మీద గ్రీజు ముద్ద పెట్టి ఎక్కించారు. గ్రీజు స్ప్లైన్ల (షాఫ్ట్ మీది నిలువు గాళ్ల) పక్కలకే రాయాలి. కొసన ముద్ద పెడితే అది క్రాంక్ షాఫ్ట్ గుంతలో ఇరుక్కుని షాఫ్ట్‌ను పూర్తిగా కూర్చోనివ్వదు. ఇలాంటివి చూశాకే మీ బిగింపు మీద నమ్మకం పోయింది.

మేం కోరేది ఇది. లోయర్ యూనిట్‌ను మా మెకానిక్ ఎదుట విప్పండి. డాగ్ క్లచ్ మీ ఖర్చుతో మార్చండి. ఫార్వర్డ్ గేరు లోపలి ముక్కులు కూడా గుండ్రబడి ఉంటే అదీ మీ ఖర్చే. అది మారితే పినియన్‌తో (డ్రైవ్ షాఫ్ట్ కింది కొసనున్న చిన్న గేరుతో) పళ్లు ఎలా కలుస్తున్నాయో చూసి, షిమ్‌లు (పలచని వాషర్లు) వేసి బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు) సరిచేయాలి. బాగున్న బేరింగుల జోలికి వెళ్లొద్దు. షిఫ్ట్ రాడ్ సెట్ చేశాక న్యూట్రల్ నుంచి ఫార్వర్డ్‌కీ రివర్స్‌కీ లివర్ ప్రయాణం సమానంగా ఉందని, న్యూట్రల్‌లో ప్రొపెల్లర్ ఎటు తిప్పినా తేలిగ్గా తిరుగుతోందని చూపించి లాక్ నట్ బిగించాలి. తర్వాత 90 నంబరు గేర్ ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి, పై రంధ్రంలో బుడగలు పోయి నూనె కారేదాకా నింపాలి. పై నుంచి పోస్తే లోపల గాలి నిలిచిపోతుంది. విప్పిన పాత భాగాలన్నీ మాకు తిరిగివ్వాలి.

ఆలస్యం చేయొద్దని ఎందుకంటున్నామో రేవు తెలిసిన మీకు చెప్పక్కర్లేదు. వేట నిషేధం వల్ల ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ట్రాలర్లు కట్టేసి ఉంటాయి, చేపకు ధర పలికేది చిన్న పడవలకు అప్పుడే. రేవు ముఖం దగ్గర అల మీద ఉండగా గేరు జారితే పడవ రాళ్ల మీదికి కొట్టుకుపోతుంది. అప్పుడు డబ్బు సంగతి కాదు, మనుషుల సంగతి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే వినియోగదారుల 1915 హెల్ప్‌లైనులో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. మోటారు వ్యాపారానికి వాడేదని తప్పించుకోవడానికి వీల్లేదు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వాడుకునే వస్తువును 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య ప్రయోజనం కింద లెక్కించదు.

ఇట్లు,
పడవ యజమాని, మోటారు చూసే మెకానిక్
కాసిమేడు, చెన్నై

జతచేసినవి: జాబ్ కార్డు నకలు, ఎస్టిమేటు నకలు, లాక్ నట్ ఫొటోలు, డ్రెయిన్ స్క్రూ పెచ్చుల ఫొటో. పెచ్చులు మా దగ్గరే ఉన్నాయి, విప్పేరోజు తెస్తాం.