‘ఐజీజీ పాజిటివ్’ అంటే బిడ్డకు పూర్తి రక్షణ అని కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో గర్భిణులకు చేసే టార్చ్ పరీక్షల (కడుపులో బిడ్డకు హాని చేయగల ఇన్‌ఫెక్షన్లను వెతికే రక్తపరీక్షల) గురించి రాశారు. వాటిలో సైటోమెగలో వైరస్ ఐజీజీ (ఆ వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ, అంటే రక్షక ప్రొటీన్) పాజిటివ్ వస్తే ‘అది ఎప్పుడో వచ్చి పోయినట్టే, ఇక బిడ్డకు ఏ ప్రమాదమూ లేదు’ అన్నారు. తిరుపతిలో చాలా ఏళ్లు ఈ పరీక్షలు చేసి రిటైరైన దాన్ని. ఆ వాక్యంలో రెండు ముక్కలూ తప్పే.

ఇది హెర్పిస్ కుటుంబం వైరస్. ఒకసారి ఒంట్లో చేరిందంటే పోదు, అణిగి ఉంటుంది. మన దేశంలో పిల్లల్ని కనే వయసుకొచ్చేసరికి చాలామంది ఆడవాళ్లకు సోకే ఉంటుంది. రిపోర్టులో ఆ అంకె పక్కన స్టార్ గుర్తు చూసి కౌంటర్ దగ్గరే ఏడ్చేసిన అమ్మాయిలు నాకు తెలుసు. వాళ్ల టెన్షన్ తగ్గించాలనుకున్నారు, మంచిదే. కానీ చెప్పాల్సినదాని కంటే ఎక్కువ చెప్పేశారు.

ఈ వైరస్‌లో స్ట్రెయిన్లు, అంటే కాస్త తేడా ఉన్న రకాలు, చాలా ఉన్నాయి. దాని పైపొర మీద గ్లైకోప్రొటీన్ హెచ్ అనే ప్రొటీన్ ఒకటుంది. దాని కొస ఒక్కో స్ట్రెయిన్‌లో ఒక్కో రకంగా ఉంటుంది. కొండకు పోయి గుండు చేయించుకొచ్చిన నాన్నను చంటిబిడ్డ పోల్చుకోలేనట్టు, ఒక స్ట్రెయిన్ మీద తయారైన యాంటీబాడీల్లో కొన్ని ఇంకోదాన్ని గుర్తుపట్టవు. అమెరికాలోని అలబామాలో ఈ తేడానే ఆధారం చేసుకుని, ముందే పాజిటివ్‌గా ఉన్న తల్లుల రక్తం పరీక్షించారు. ఫలితాలు 2001లో వచ్చాయి. కడుపులోనే బిడ్డకు వైరస్ సోకిన 16 మంది తల్లుల్లో 10 మందికి అంతకుముందు లేని యాంటీబాడీలు కనిపించాయి. బిడ్డకు సోకని 30 మందిలో నలుగురికే. పాత రక్షణ ఉండగానే కొత్త స్ట్రెయిన్ వచ్చి చేరిందన్నమాట.

మామూలు ఐజీజీ పరీక్షలో ఇది బయటపడదు. కొత్తది సోకకముందూ పాజిటివే, సోకాకా పాజిటివే.

కొత్త స్ట్రెయిన్ ఎక్కువగా వచ్చేది చిన్నపిల్లల ఎంగిలి నుంచి, మూత్రం నుంచి. పెద్దబిడ్డ సగం తిని వదిలేసిన పెరుగన్నం పారేయడానికి మనసొప్పక గర్భిణి అయిన తల్లి నోట్లో వేసుకుంటుంది. మా చిత్తూరు వైపు అన్నం పారేస్తేనే తప్పు. పక్కన అత్తగారు కూర్చుని ఉంటే ఇక చెప్పక్కర్లేదు! అయినా ఆ కొన్ని నెలలు ఎంగిలి మానేయాలి, బిడ్డ మూతి మీద ముద్దు పెట్టకూడదు, ముక్కు తుడిచినా బట్టలు మార్చినా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇప్పటికైతే దీనికి టీకా లేదు.

పాజిటివ్ తల్లుల బిడ్డల్లో ఎక్కువమందికి ఏమీ కాదు, ఆ మాటా రాయండి. సోకిన కొందరికి మాత్రం వినికిడి పోతుంది, అదీ ఒక్కోసారి పుట్టిన కొన్నేళ్లకు. అందుకని పుట్టిన బిడ్డ వినికిడి పరీక్షలో తేడా వస్తే, ‘తల్లికి ఐజీజీ ఉందిలే’ అని వదిలేయకుండా మూడు వారాల్లోపు బిడ్డ లాలాజలమో మూత్రమో పీసీఆర్‌కు (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్షకు) పంపమని డాక్టరును అడగాలి. ఆ గడువు దాటాక వైరస్ దొరికినా, కడుపులో ఉండగా సోకిందో తర్వాత తల్లిపాల ద్వారా వచ్చిందో తేల్చడం కష్టం.

సవరణ వేస్తే దయచేసి అదే ఆరోగ్యం పేజీలో వేయండి. ఆ కటింగ్ దాచుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

– ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, బైరాగిపట్టెడ, తిరుపతి