చెవిలో కీచురాళ్లు

ఒరేయ్ మల్లేశం,

మొన్న ఫోన్‌లో నేను మూడుసార్లు "ఏందీ?" అన్నాను, నువ్వు నాలుగుసార్లు అన్నావు. పక్కనున్న మీ వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. ఇక మనకు ఫోన్ పనికిరాదనిపించి ఉత్తరం రాస్తున్నా. చదవడానికి చెవులు అక్కర్లేదు కదా.

అఫ్గానిస్తాన్‌లో అమెరికా వాళ్ల బగ్రామ్ స్థావరంలో మన జనరేటర్ యార్డు గుర్తుందా? పన్నెండు గంటల డ్యూటీ, చుట్టూ ఆగకుండా మోగే ఇంజన్లు, అది చాలదన్నట్టు నెత్తిమీద జెట్ విమానాలు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన స్పాంజి బిళ్ళలు సగం రోజులు జేబులోనే ఉండేవి, పెట్టుకుంటే సూపర్‌వైజర్ కేక వినపడదని. ఇప్పుడు రాత్రి పడుకుంటే చెవిలో కీచురాళ్లు. నీకూ అంతేనని తెలుసు, వయసు మీద పడిందంటున్నావు. నలభై ఆరేళ్లకు ఏం వయసురా?

దీనికి నష్టపరిహారం ఉంది. అమెరికా వాళ్లు 1941లో చేసిన డిఫెన్స్ బేస్ యాక్ట్, విదేశాల్లోని వాళ్ల సైనిక స్థావరాల్లో కాంట్రాక్టు కంపెనీల కింద పనిచేసే సివిలియన్లకు వర్తిస్తుంది. "మనం అమెరికా వాళ్లమా?" అంటావు. నేనూ అదే అన్నా. జగిత్యాల నుంచి పోయినా, మనీలా నుంచి వచ్చినా ఆ చట్టానికి ఒకటే. డబ్బు కట్టేది కంపెనీ తీసుకున్న ఇన్సూరెన్స్, చూసుకునేది అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్. ఇప్పుడు నువ్వు ట్రాక్టర్ తోలి సంపాదిస్తున్నా పర్వాలేదు, వినికిడి ఎంత పోయిందన్నదే లెక్క.

ఆ లెక్క విను. ఒక్కో చెవికి 500, 1000, 2000, 3000 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నదో చెప్పే కొలత) దగ్గర ఎన్ని డెసిబెల్స్‌కు (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) వినపడిందో సగటు కడతారు. 25 దాటిన ఒక్కో డెసిబెల్‌కు ఒకటిన్నర శాతం. నా కుడి చెవి సగటు 45, అంటే 30 శాతం పోయింది. ఎడమది 35, అంటే 15 శాతం. బాగున్న చెవి శాతాన్ని ఐదుతో గుణించి, రెండోదాన్ని కలిపి, ఆరుతో భాగిస్తే 17.5. రెండు చెవులూ పూర్తిగా పోతే 200 వారాలు, కాబట్టి నాకు 35 వారాలు. వారం జీతంలో మూడింట రెండు వంతుల చొప్పున ఇస్తారు. మనకు వారానికి 210 డాలర్లు పడేది కదా, అందులో 140. మొత్తం 4,900 డాలర్లు.

ఒళ్లు మండిన సంగతి ఇంకోటుంది. మోత వల్ల పోయే వినికిడి ముందు 4000 హెర్ట్జ్ చుట్టుపక్కలే పోతుంది. నా రిపోర్టులో గీత సరిగ్గా అక్కడే గుంటలో పడ్డట్టు దిగింది. ఆ 4000 మాత్రం లెక్కలో లేదు! మోకాలు విరిగితే మోచెయ్యి కొలిచినట్టుంది. చెవి మిషన్ ఖర్చు వైద్యం కింద విడిగా అడగొచ్చట, అదొక్కటే ఊరట.

బగ్రామ్ 2021లోనే ఖాళీ చేశారు, గడువు దాటిపోయిందని భయపడకు. వినికిడి పోయిందని చెప్పే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్షలో గీసే గీత కాగితం), రిపోర్టుతో సహా, నీ చేతికి వచ్చిన రోజు నుంచే రోజులు లెక్కపెడతారు. నోటీసుకు 30 రోజులు, క్లెయిమ్‌కు ఏడాది. అందుకే పరీక్ష చేయించుకుని ఆ కాగితం బీరువాలో పడేయకు. అలాగని పరీక్షే వాయిదా వేస్తే నీ చెవుల పాపం ఇన్సూరెన్స్ వాళ్లు ట్రాక్టర్ మీదికి నెడతారు. మిషన్లు అమ్మే దుకాణంలో చేసే ఉచిత పరీక్ష వద్దు, అర్హత ఉన్న ఆడియాలజిస్ట్, అంటే వినికిడి పరీక్షల నిపుణుడు, చేయాలి.

నువ్వు తర్వాత కాందహార్‌లో ఇంకో కంపెనీకి మారావు కదా. అక్కడా మోతలోనే పనిచేశావు కాబట్టి మొత్తం భరించాల్సింది ఆ చివరి కంపెనీయే, ఎవరెంత అన్న పంచాయితీ లేదు.

ముప్పై శాతం ముందే ఇస్తే పని చేయిస్తానన్న ఆ ఏజెంటుకు పైసా ఇవ్వకు. అక్కడ లాయరైనా ఆమోదం లేని ఫీజు తీసుకుంటే నేరం. ఇన్సూరెన్స్ వాళ్లు కుదరదని కొట్లాడి ఓడిపోతే నీ లాయర్ ఫీజు కూడా వాళ్లే కట్టాలి. నాకింకా రూపాయి రాలేదు, అబద్ధమెందుకు. నాది పని వల్ల పోయింది కాదని వాళ్లు జవాబు రాశారు, ఇక వాదనలే.

కాంట్రాక్టు, బ్యాడ్జి, పాత పేస్లిప్‌లు వెతికి పెట్టు. నా బ్యాడ్జి మీ వదిన పసుపు డబ్బా కింద దొరికింది, నీది ఎక్కడుందో చెల్లెను అడుగు. సోమవారం పొద్దున బస్సుకు హైదరాబాద్ పోదాం. నా ఎడమ పక్కన కూర్చో, ఆ చెవి కాస్త నయం.

నీ
రాజన్న