హీటరుకు స్మార్ట్ ప్లగ్ పెట్టకండి

సంపాదకులకు,

ఆదిలాబాద్ వైపు చలి ముదిరితే రూం హీటర్లు బయటికి వస్తాయి. వాటిని స్మార్ట్ ప్లగ్గుకు, అంటే ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే ప్లగ్గుకు తగిలించి, తెల్లవారుజామున 5 గంటలకు దానంతటదే వెలిగేలా ఫోన్‌లో టైమర్ పెట్టేవాళ్లు ఎక్కువవుతున్నారు. లైటుకైతే పరవాలేదు, హీటరుకు దయచేసి వద్దు.

2000 వాట్ల హీటరు 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గుకు అది దాదాపు నిండు లోడు. ఆన్, ఆఫ్ అయిన ప్రతిసారీ లోపల స్విచ్చులా పనిచేసే రిలే కాంటాక్టుల మధ్య చిన్న మెరుపు వస్తుంది. అలా కాలీ కాలీ అవి ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. ఇక యాప్‌లో ఆఫ్ అని కనిపిస్తున్నా కాయిల్ ఎర్రగానే ఉంటుంది. మంచం మీంచి దుప్పటి జారి దాని మీద పడితే తీసే మనిషి గదిలో ఉండడు. హీటరు ఒరిగితే ఆపే స్విచ్చుకు దుప్పటి సంగతి తెలియదు.

ఎక్కువ కరెంటు పారితే దానంతటదే పడిపోయే ఎంసీబీ స్విచ్ ఉందిగా అన్న ధీమా కూడా వద్దు. 16 ఆంపియర్ల ఎంసీబీ 8.7కి కదలదు, సన్న వైరున్న 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు వేడెక్కి కరుగుతున్నా సరే. వదులు సాకెట్ మరీ చెడ్డది. పిన్ను దగ్గర పావు ఓం రెసిస్టెన్స్ ఉంటే అక్కడే 19 వాట్ల వేడి పుడుతుంది. వైర్లకు టంకం వేసే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొన ఎంత కాలుతుందో మెకానిక్కులను అడగండి.

హీటరును గోడలోని 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌కే నేరుగా పెట్టాలి. పావుగంట నడిచాక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి దాని ప్లాస్టిక్ భాగాన్ని తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి నిలవకపోయినా, పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపించినా సాకెట్, ప్లగ్ రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్నీ కాల్చేస్తుంది. పరుపు, కర్టెన్, ఆరేసిన బట్టలు మూడడుగుల దూరంలో ఉండాలి. కరెంటు పోగానే స్విచ్ కట్టేయండి. మరిచిపోతే, కరెంటు వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేకపోయినా అది మళ్లీ వెలుగుతుంది.

2022 జనవరి 9న న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ఒక అపార్ట్‌మెంటులో రూం హీటరు వల్ల మంటలు లేచి 17 మంది చనిపోయారు. మంట ఒక ఫ్లాటు దాటి పెద్దగా పోలేదు. ఆ ఫ్లాటు తలుపు మూసుకోకపోవడంతో పొగ మెట్లదారిలోకి ఎక్కింది, ప్రాణాలు తీసింది ఆ పొగే. అందుకే నిప్పు కనబడితే అందరినీ బయటికి పంపి, వస్తూ వస్తూ తలుపు మూసేయాలి. దారిలోనే ఉంటే మెయిన్ ఆపండి, నీళ్లు మాత్రం పోయకండి. బయటికి వచ్చాక 101కి ఫోన్ చేయండి.

— ఒక ఎలక్ట్రీషియన్, నిర్మల్