హైబ్రిడ్ గేర్‌బాక్స్ మీద చెయ్యి వేసే ముందు

అమ్మలూ,

ఈ వారం నుంచి నిన్ను పెట్రోల్ ఇంజన్‌తోపాటు కరెంటు మోటార్లు కూడా ఉండే హైబ్రిడ్ బండ్ల గేర్‌బాక్స్ పనిలో వేశారని చెప్పావు కదా, చాలా సంతోషమేసింది, దాంతోపాటు కాస్త టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్‌లో చెబితే "సరే నాన్నా, సరే" అంటూ సగమే వింటావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

నువ్వు నా దగ్గర పని నేర్చుకున్నది మామూలు గేర్‌బాక్సుల మీద. ఇంజన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసేశాక ఇక ధైర్యంగా చెయ్యి పెట్టొచ్చు అనే అలవాటు చేతులకు పట్టేసి ఉంటుంది. హైబ్రిడ్ దగ్గర ఆ అలవాటే ప్రమాదం. చప్పుడు లేనంత మాత్రాన బండి ఆగినట్టు కాదు. డాష్‌బోర్డులో రెడీ లైటు వెలుగుతుంటే ఇంజన్ ఏ క్షణంలోనైనా దానంతటదే స్టార్ట్ అయిపోతుంది. దగ్గరుంటే చాలు, బటన్ నొక్కగానే బండి స్టార్టయ్యే స్మార్ట్ కీని జేబులో వేసుకుని బండి కిందకు దూరొద్దు. కనీసం 5 మీటర్ల దూరంలో ఏదైనా డబ్బాలో పెట్టి తాళం వెయ్యి, ఆ తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో.

మనది గేర్ల పని, కరెంటు సంగతి ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు అనే మాట మీ షెడ్డులో ఎవరో ఒకరు అంటారు, నమ్మకు. టొయోటా ప్రియస్‌నే తీసుకో. రెండో తరం బండిలో బ్యాటరీ 201.6 వోల్టులు, ఇన్వర్టర్ దాన్ని 500 దాకా పెంచి మోటార్లకు ఇస్తుంది, మూడో తరంలో అది 650 దాకా వెళ్తుంది. ఆ మోటార్లు రెండూ ఉండేది నువ్వు దించబోయే గేర్‌బాక్స్ కడుపులోనే. ఐక్యరాజ్యసమితి ఆర్100 నిబంధన ప్రకారం డీసీ అయితే 60 వోల్టులు, ఏసీ అయితే 30 వోల్టులు దాటితేనే హై వోల్టేజ్ కింద లెక్క. దానికి ఎన్ని రెట్లు ఎక్కువో నువ్వే చూసుకో. అందుకే ఆ హై వోల్టేజ్ మోసే ఆరెంజ్ కేబుల్ కనిపించిన ప్రతి చోటా, కరెంటు లేదని నువ్వే తేల్చుకునే దాకా, ఉన్నట్టే లెక్క.

వాచీ, ఉంగరం, గాజులు, మెడలో గొలుసు అన్నీ ముందే తీసెయ్యి. బండి ఆఫ్ చేసి, కీ దూరంగా పెట్టి, 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీసి, రబ్బరు గ్లవ్స్ వేసుకుని అప్పుడు సర్వీస్ ప్లగ్ (పెద్ద బ్యాటరీ కరెంటును తెంచేది) లాగు. లాగిన ప్లగ్‌ను బెంచీ మీద పెట్టకు, నీ జేబులోనే ఉండాలి. నువ్వు బండి కింద ఉన్నప్పుడు ఎవరో మంచి మనసుతోనే తిరిగి పెట్టేస్తే ఏం చేస్తావు? ప్లగ్ తీసినా ఇన్వర్టర్‌లో కరెంటు దాచుకునే కెపాసిటర్లు ఉంటాయి, వాటిలో చార్జి వెంటనే పోదు. ఎంతసేపు ఆగాలో ఆ బండి మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది, చాలా టొయోటా బండ్లకు 10 నిమిషాలు. గడియారం చూసి ఆగు, అందాజాగా వద్దు. ఆ తర్వాత కూడా మీటరు పెట్టాల్సిందే. మీటరు క్యాట్ 3 (అది మీటర్ల సేఫ్టీ తరగతి), 1000 వోల్టుల రేటింగ్‌ది అయి ఉండాలి, దాని లీడ్లు కూడా. ముందు మంచి బ్యాటరీ మీద పెట్టి మీటరు పనిచేస్తోందని చూసుకో, తర్వాత ఇన్వర్టర్ టెర్మినల్స్ మీద చూడు, మళ్లీ అదే బ్యాటరీ మీద పెట్టి చూడు. మధ్యలో లీడు తెగిపోయినా మీటరు సున్నానే చూపిస్తుంది, ఆ సున్నాను నమ్మితే ప్రాణాల మీదకొస్తుంది. "నేను చూశాలే, కరెంటు లేదు" అని ఎంత సీనియర్ చెప్పినా సరే, వినయంగానే "నేనూ ఒకసారి చూస్తాను అన్నా" అని చెప్పి మీటరు పెట్టు.

గ్లవ్స్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే చాలామంది నిర్లక్ష్యం చేసేది అక్కడే. క్లాస్ 0 గ్లవ్స్ కావాలి, అవి 1000 వోల్టుల ఏసీ, 1500 వోల్టుల డీసీ దాకా ఆపుతాయి. వేసుకునే ప్రతిసారీ మణికట్టు వైపు నుంచి చుట్టుకుంటూ వచ్చి, లోపల గాలి బిగిసి వేళ్లు బెలూన్‌లా ఉబ్బాక చెంప దగ్గర పెట్టుకుని గట్టిగా నొక్కు. సన్నటి గాలి తగిలినా, సుయ్‌మన్నా ఆ జత పక్కన పడెయ్యాల్సిందే. పైన తోలు గ్లవ్స్ తప్పకుండా వేసుకో, లేకపోతే ఏ క్లిప్పు మొనో గీసుకుని రబ్బరుకు చిల్లు పడుతుంది. మన పనిలో ఇంకో గొడవుంది, నూనె. గేర్ ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడైపోతుంది. కాబట్టి కేబుళ్లు ఊడదీసి, వాటి మొనలకు ఇన్సులేషన్ టేపు చుట్టేదాకానే ఆ గ్లవ్స్. ఆయిల్ డ్రెయిన్ చేసేటప్పుడు మామూలు నైట్రైల్ గ్లవ్స్‌కు మారిపో. రబ్బరు గ్లవ్స్‌ను మడిచి టూల్‌బాక్సులో కుక్కొద్దు, ఎండలో పెట్టొద్దు, ఆరు నెలలకోసారి టెస్టుకు పంపాలి.

లిఫ్ట్ మీద ఉన్న బండి చక్రాలు ఎవరినీ తిప్పనివ్వకు. మోటారులో ఉండేవి శాశ్వత అయస్కాంతాలు, చక్రం తిరిగితే మోటారూ తిరుగుతుంది, తిరిగితే కరెంటు పుడుతుంది. న్యూట్రల్‌లో ఉంది కదా అంటారు. టొయోటా హైబ్రిడ్ గేర్‌బాక్సులో ఆ మోటారును చక్రాల నుంచి విడదీసే క్లచ్చే ఉండదు, న్యూట్రల్ అంటే కంప్యూటర్ మోటారుకు పని చెప్పకుండా ఆపడమే.

గేర్‌బాక్స్ విప్పాల్సి వస్తే రోటరును, అంటే మోటారులో తిరిగే అయస్కాంతాల భాగాన్ని, చేత్తో లాగకు, దాని పుల్లర్ దానికి ఉంటుంది. ఆ అయస్కాంతం కేసింగ్‌కు ఎంత విసురుగా అతుక్కుంటుందంటే మధ్యలో వేలు ఉంటే నలిగిపోతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లను దాని దగ్గరకు కూడా రానివ్వకు. ఇనుపరజను ఉన్న బెంచీ మీద పెట్టినా అంతే, అదంతా రోటరుకు పట్టుకుని తర్వాత మోటారు తీగచుట్టలోకి, అంటే వైండింగ్‌లోకి వెళ్తుంది. ఆయిల్ కూడా కంపెనీ చెప్పిందే పొయ్యాలి, ఎందుకంటే అది మోటారు వైండింగ్‌కు కూడా తగులుతుంది. బిగించాక 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఇన్సులేషన్ చూడు, మామూలు మల్టీమీటరుకు ఆ లీకేజీ దొరకదు.

బరువు సంగతి నీకు తెలిసిందే, వంద కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ట్రాన్స్‌మిషన్ జాకీ మీద పట్టీ వేసి బిగించాకే చివరి బోల్టు విప్పు.

ఇంక అసలైన మాట. ఈ పని ఒంటరిగా చెయ్యకు, రాత్రి ఆలస్యమైనా సరే. పక్కనున్న మనిషికి షాక్ కొడితే చేత్తో పట్టుకుని లాగొద్దు, ఇన్సులేటెడ్ హుక్‌తోనే లాగాలి. ఊపిరి లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టాలి. బాగానే ఉన్నానంటున్నా ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి, కరెంటు తగిలాక గుండె లయ తర్వాతైనా తప్పొచ్చు.

కస్టమర్ బయట కూర్చున్నాడనో, సాయంత్రానికి డెలివరీ ఇవ్వాలనో తొందరపెడతారు. "ఇంకా పది నిమిషాలు కాలేదు సార్" అని చెప్పడానికి మొహమాటపడకు. ఆ మాటకు ఉద్యోగం పోతే పోనీ, మనకు అంతకన్నా మంచి షెడ్డు దొరుకుతుంది.

రేపు డ్యూటీకి వెళ్లగానే రెండు విషయాలు చూసి నాకు మెసేజ్ పెట్టు. నీకిచ్చిన గ్లవ్స్ చివరిసారి ఎప్పుడు టెస్ట్ చేశారు, ఆ హుక్ ఎక్కడ తగిలించారు. రెంటిలో ఏది లేకపోయినా మీ సూపర్‌వైజర్‌ను అడుగు, వచ్చేదాకా ప్లగ్ ముట్టుకోకు.

నాన్న